అయినవాళ్ల సాక్ష్యం చెల్లదు

కొండమ్మ ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తుంది. బస్సెక్కితే అది నంద్యాలకే పోతుందా అని ముగ్గురిని అడుగుతుంది. అలాంటి మనిషికి తమ ఇంటి పగవాడి నోటిమాట మీద తన బతుకు ఆధారపడే రోజొచ్చింది.

ఆమె భర్త ఓబులేసు రంగూన్‌లో బియ్యం మిల్లు మేస్త్రీ. పెళ్లయిన కొన్నాళ్లకే ఓడెక్కాడు, యుద్ధంలో అక్కడే చిక్కుబడ్డాడు. బతికున్నానని, ఇంక నువ్వు వచ్చెయ్యమని కబురు పంపేసరికి బర్మా స్వతంత్ర దేశమై, కొత్త చట్టాలు పెట్టుకు కూర్చుంది. పర్మిట్ లేనిదే ఓడ ఎక్కనివ్వరు. భార్యనని రుజువు చూపిస్తేనే పర్మిట్.

రుజువు ఎక్కడిది? అహోబిలంలో జరిగిన పెళ్లికి కాగితం ఎవరు రాశారు గనక? పెళ్లి చేయించిన పురోహితుడు కృష్ణస్వామి కాలం చేశాడు. ఆయన కొడుకు శేషాద్రి ఇంట్లో ఉన్న పాత పంచాంగాలన్నీ తిరగేసి, "ముహూర్తాలు పెడతామమ్మా, పెండ్లిళ్లు రాసి పెట్టుకోము" అని చేతులెత్తేశాడు. నంద్యాల కచ్చేరీలో విచారణాధికారి ఆమె అన్న రామయ్య సాక్ష్యం ఒప్పుకోలేదు. "అయినవాళ్లు ఏమైనా చెప్తారు. మీకేమీ కాని మనిషిని తీసుకురండి" అన్నాడు.

ఆళ్లగడ్డ పక్కన వాళ్ల ఊళ్లో ఏమీ కానివాడంటూ ఎవడున్నాడు? అయితే చుట్టం, లేకపోతే పగ. ఆ పెళ్లికి వచ్చిన పగవాడు శేషయ్య ఒక్కడే. నిజానికి ఆ పగ పుట్టిందే ఆ పందిట్లో. ముహూర్తానికి ముందు పెద్దలకు గంధం పూసి తాంబూలాలిచ్చేటప్పుడు, మొదటి తాంబూలం తనకివ్వకుండా చాగలమర్రి నుంచి వచ్చిన వరుడి మేనమామకిచ్చారని కండువా దులిపి లేచిపోయాడు. తాళి కట్టడం కూడా చూడకుండా వచ్చేశానని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాడు. అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

"సూడని తాళికి ఆయప్ప ఏం సాక్ష్యం చెప్తాడు?" అన్నాడు రామయ్య.

"పందిరి ఏసినారని చెప్పినా చాలు గదన్నా" అని కొండమ్మే శేషయ్య గడప తొక్కింది. ఆయన అంతా విని, "ఎప్పుడు పోవల్ల?" అని మాత్రం అడిగాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆమెకు అనుమానం రెట్టింపయింది.

నంద్యాల బస్సులో రామయ్య చెల్లెలి చెవిలో ఊదుతూనే ఉన్నాడు. "నోటితో పలకరించి నొసటితో ఎక్కిరించే రకం. పెండ్లే జరగలేదంటాడు సూడు. అప్పుడు సర్కారు లెక్కలో నువ్వు ఉంచుకున్నదానివి." కచ్చేరీ ముందు శేషయ్య బంట్రోతును పక్కకు పిలిచి ఏదో గుసగుసలాడటం కొండమ్మ కంటబడింది. పాపం, ఆయన అడిగింది దొడ్డికి దారెటని. ఆమె మాత్రం లంచమని తేల్చేసుకుంది.

అధికారి ముందుగా ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. "తాళి కట్టేటప్పుడు ఆ పక్కనున్నవాళ్లకే తెలిసే సంగతి ఏదైనా ఉంటే చెప్పమ్మా. సాక్షిని కూడా అదే అడుగుతాను."

అలాంటి సంగతి ఒకటుంది. బయట అనవద్దని తల్లి ఒట్టు వేయించుకున్న సంగతి. వరుడి చేతిలోంచి తాళి జారి నేల మీద పడింది. నలుగురూ చూసేలోగా తల్లి కొంగు అడ్డం పెట్టి తీసిచ్చింది. తెలిస్తే అపశకునమని ఊరు ఆడిపోసుకునేది. కొండమ్మ గొంతు తగ్గించి ఆ మాట చెప్పేసింది. చెప్పాక గానీ తట్టలేదు, శేషయ్య అక్కడ లేడు కదా! తన కళ్లను తన వేలితోనే పొడుచుకున్నట్టయింది.

తర్వాత శేషయ్యను పిలిచారు. అన్నాచెల్లెళ్లు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"తాళి కట్టడం చూశావా?" అన్నాడు అధికారి.

"సూసినా."

పచ్చి అబద్ధం! తను మునిగేదిగాక నన్నూ ముంచుతాడనుకుంది కొండమ్మ.

"అప్పుడేం జరిగింది?"

శేషయ్య కండువా సర్దుకున్నాడు. "ఒకటి జరిగిండాది. అది చెప్పగూడదయ్యా."

"చెప్పకపోతే నువ్వు చూడనట్టే."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "చెప్పమంటావా పాపా?"

కొండమ్మ తలాడించింది.

"తాళి జారి కిందపడింది. వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టి తీసిచ్చి, మేళం గట్టిగా వాయించమనింది."

అధికారి కాగితం మీద సంతకం పెట్టేశాడు.

బయటికొచ్చాక కొండమ్మ నిలదీసింది. "తాళి సూడకుండా లేచిపోయినానని నువ్వే చెప్తివి గద మామా?"

"మెడలో తాళి పడకముందే పోతే ఆడబిడ్డకు అరిష్టం. పందిరి ఎనకాల నిలబడినా. ఆ మాట ఊర్లో చెప్పుకుంటే నా రోషం ఏమైతాది?"

"మరి తాళి జారిందని ఎవురికీ చెప్పలేదే?"

"ఏందీ మాట! నీ మొగుడు యుద్ధంలో ఏమైనాడో తెలీక నువ్వు అల్లాడతాంటివి. అప్పుడు ఆ మాట ఊర్లో పడితే నిన్ను బతకనిస్తారా?"

కొండమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. నడివీధని కూడా చూడకుండా ఏడ్చేసింది. ఇన్నేళ్లూ ఆ మనిషిని తిట్టిపోసిన రామయ్య నేల చూపులు చూస్తూ, "రా మామా, కాఫీ తాగుదాం" అన్నాడు.

"పాపకు సాక్ష్యం చెప్పినా, అయిపోయింది. మీ ఇంటి మీద నాకు పగ పోలా" అని శేషయ్య ఒక్కడే బస్టాండు వైపు నడిచాడు.

ఆ మాట మాత్రం కొండమ్మ నమ్మలేదు.