బాపుకు ‘విచ్’ రాసిన రోజు

మనవరాలు కొత్త ఇంగ్లిషు పుస్తకం విప్పగానే గుప్పుమన్న కాగితపు వాసనకు, రామన్నపేట బడి ఆరో తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడంతో విడిగా వేసిన చాప మీద కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి.

మాది నేతపని ఇల్లు. నన్ను కన్నప్పుడే అమ్మ పోయింది. మగ్గం మీద బతుకు గడవక మా నాన్న, బాపు, షోలాపూరు బట్టల మిల్లుకు పోయాడు. మిగిలింది నేనూ, చెవులు సరిగా వినపడని అవ్వా. గంజి పెట్టిన నూలు వాసన, వీధి పొడుగునా మగ్గాల చప్పుడు, బతుకమ్మ ముందర తంగేడు పూలు, నువ్వుల సత్తుపిండి... అన్నీ ఉండేవి. వాటి గురించి మాట్లాడుకోవడానికి మనిషే లేడు.

కోస్తా నుంచి వచ్చిన ఇంగ్లిషు మాస్టారు ఒకనాడు రెండు వాక్యాలను కలిపి ఒకటి చేయడం నేర్పి, మనుషులకు ‘హూ’, జంతువులకూ వస్తువులకూ ‘విచ్’ రాయాలన్నారు. నేను షోలాపూరులో ఉండే బాపు గురించి రాసి, నడుమ ‘విచ్’ పెట్టాను.

“మీ నాన్నగారు మనిషా, వస్తువా?” అన్నారు మాస్టారు. తరగతంతా ఘొల్లుమంది. నేను తల ఎత్తలేదు. రెండేళ్ళుగా బాపు అంటే నాకు గోడ మీది ఫొటోనే మరి.

బడి విడిచాక మాస్టారు నన్ను ఆపి, తానే ‘హూ’ అని దిద్ది, “ఆయన వచ్చినప్పుడు చూపించమ్మా,” అన్నారు మెల్లగా.

బతుకమ్మ పండుగకు బాపు వచ్చాడు. కొత్త మనిషిలా అనిపించి దగ్గరికి పోలేకపోయాను. చివరికి నోటుబుక్కు ముందర పెట్టాను.

“గిదేంది బిడ్డా?”

“నీ గురించి రాసిన బాపూ. షోలాపూర్ల ఉండెటి మా బాపు అని.”

“గింతేనా? ఇంకేం రాయలే?”

“నీ గురించి నాకింకేం ఎరుకలేదు.”

బాపు నోటుబుక్కు మూశాడు. తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క గదిలో ఎనిమిదిమంది పడుకోవడం, సాంచల, అంటే మర మగ్గాల, మోతకు ఒక చెవి మొద్దుబారడం, మా అమ్మ నవ్వితే కళ్ళు మూసుకుపోవడం. పొద్దు గుంకేదాకా చెప్పాడు. మూడోనాడు మళ్ళీ బస్సెక్కాడు. ఆ తరువాత మేం కలిసింది రెండుసార్లే, షోలాపూరులోనే చనిపోయాడు.

నిరుడు మా వీధికి పోయాను. మగ్గాల కింద కాళ్ళు పెట్టుకోవడానికి తవ్విన గుంతలు పూడ్చి బండలు పరిచారు, చప్పుడే లేదు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాను. ఎవరి బిడ్డవని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.