మంగ్త్యా చేతి మీది నంబరు

మంగ్త్యాకు మాట లేదు. పుట్టుకతోనే లేదు. చెవులు వినబడతాయి, నవ్వు తెలుసు, ఆకలి తెలుసు, అలగడమూ తెలుసు. మాట ఒక్కటే రాలేదు. వయసు ముప్పై దాటినా తిరుమలగిరి అవతల ఉన్న ఆ చిన్న తండాలో అందరికీ అతను పిల్లవాడే. తల్లి గౌరీబాయికైతే చెప్పనే అక్కరలేదు. అన్నం కలిపి ముద్ద చేతిలో పెడితేనే తినేవాడు.

అతనికి ఒక్కటే పిచ్చి. పత్తి ఏరే రోజుల్లో బండ్లకు లోడు ఎత్తుతుంటే వెనుక నుంచి ఎక్కి ఆ తెల్లటి పత్తి మీద వెల్లకిలా పడుకునేవాడు. బండి ఎటు పోతే అటు పోయేవాడు. దిగాక తిరిగి రావడం తెలియదు. ఊరి పేరు అడిగితే చెప్పలేడు.

అందుకే తండ్రి మల్సూర్ ఒకసారి దురాజ్‌పల్లి గట్టు జాతరకు పోయినప్పుడు కొడుకును పచ్చబొట్లు పొడిచే ఆమె ముందు కూర్చోబెట్టాడు. కుడి ముంజేతి మీద తన ఫోన్ నంబరు పొడవమన్నాడు.

"ఊరు పేరు గూడ ఎయ్యమంటవా అన్నా?" అని అడిగింది ఆమె.

"ఊరెందుకక్కా? మా తండా పేరు సూర్యాపేటోళ్లకే ఎరుక లేదు. నంబరు జాలు. వీడు ఏ మూలకు వొయినా గా నంబరు కొడితే నా జేబుల మోగుతది."

"సూస్కో మరి. రేపు నంబరు మారిస్తివా, పోరని తోలు మార్పియ్యాల్సి వస్తది."

"సచ్చేదాక మార్చ," అని నవ్వాడు మల్సూర్.

సూది గుచ్చుతుంటే మంగ్త్యా గింజుకున్నాడు. గౌరీబాయి వాడి తలను తన కడుపుకు అదుముకుని, చివరి అంకె అయిపోయేదాకా వదల్లేదు.

ఆ నంబరు బాగా పనిచేసింది. ఒకసారి సూర్యాపేట బస్టాండ్‌లో కంట్రోలర్ చూసి ఫోన్ చేశాడు. ఇంకోసారి కోదాడ నుంచి ఒక హోటలాయన చేశాడు.

"మీ వాడు ఇక్కడ కూర్చుని ఇడ్లీ తిన్నాడండి. డబ్బులడిగితే చెయ్యి చూపిస్తున్నాడు."

"ఇంకో రెండు వెట్టుండ్రి సారూ, బయలెల్లిన," అన్నాడు మల్సూర్. ఆ మాట తండాలో చాలా రోజులు తిరిగింది. ఎవరి దగ్గర చిల్లర లేకున్నా చెయ్యి చూపించి నవ్వుకునేవాళ్లు.

మంగ్త్యా కూడా నేర్చుకున్నాడు. అలిసిపోతే ఎవరో ఒకరి ముందు చెయ్యి చాపాలి. వాళ్లు ఫోన్ చెవికి పెట్టుకుంటే చాలు, ఇక రోడ్డు వైపు తిరిగి కూర్చోవాలి. కాసేపటికి బాపు వస్తాడు. అతనికి తెలిసిన చదువంతా అదే.

మల్సూర్ ఒక ఎండాకాలం చేనులోనే కూలబడి చనిపోయాడు. ఆ తర్వాత ఫోన్ గౌరీబాయి చేతికి వచ్చింది. చిన్న బటన్ల ఫోన్. పచ్చ బటన్ నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్రది నొక్కితే ఆగిపోతుంది. అంతకు మించి ఆమెకు తెలియదు. ఆ ఫోన్‌కు చేసేవాళ్లు కూడా ఎవరూ లేరు. మంగ్త్యా తప్పిపోతేనే అది మోగాలి. పొద్దున్నే లేచి దేవుని దగ్గర దీపం పెట్టినట్టు దాన్ని చార్జింగ్ పెట్టేది. తెర మీద వెలుగు వచ్చి టైము కనబడితే మొగుడు పెట్టి పోయిన కాపలా ఇంకా ఉందనుకునేది.

ఈలోగా ఫోన్ కంపెనీలు లెక్క మార్చాయి. ఇదివరకు పైసలు వేయకున్నా వచ్చే ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు అవి రావాలన్నా నెలనెలా రీచార్జ్ చేయించాలి. చిన్న రీచార్జ్‌లు తీసేశారు. నెట్ వద్దు మొర్రో అన్నా నెట్‌తో కలిపే అమ్ముతారు. బటన్ల ఫోన్‌కు నెట్ ఇవ్వడమంటే గొడ్డుకు గొడుగు పట్టడమే. చేయించకపోతే మొదట ఫోన్లు ఆగుతాయి, కొన్నాళ్లకు నంబరే ఇంకొకరికి పోతుంది. ఇదంతా గౌరీబాయికి ఎవరు చెప్పాలి? కంపెనీ చెప్పింది. ఇంగ్లీషులో మెసేజ్‌లు పంపి చెప్పింది. అవి వచ్చినప్పుడల్లా ఫోన్ టింగుమనేది. ఆ చప్పుడు విని ఆమె "మంచిగనే పనిచేస్తున్నది" అనుకునేది. కొన్నాళ్లకు ఆ చప్పుడూ ఆగింది. తెర మీద వెలుగు మాత్రం ఉంది. టైము నడుస్తూనే ఉంది.

మొన్నటి చలికాలం పత్తి లోడు మీద మంగ్త్యా పోయాడు.

మొదటి రోజు ఆమె పెద్దగా బాధపడలేదు. వాడికి ఇష్టమైన కోడికూర వండి ఫోన్ ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. మరునాడూ అట్లాగే కూర్చుంది. ఆ తర్వాతా అంతే. కూర పాడైతే పారబోసి మళ్లీ వండింది. పక్కింటి మోతీబాయికి చూసి చూసి ఒళ్లు మండింది.

"ఏందే, గుడ్ల మీద కోడి లెక్క గా ఫోన్ మీద వొదుగుతున్నవ్? లే, పోయి దేవులాడుదాం."

"దేవులాడవోతె నేనొక దిక్కు, వాడొక దిక్కయితం అక్కా. మోగుతది. ఎన్నడు మోగలే చెప్పు?"

"మోగితే మోగింది. కడుపుకింత తిను ముందుగాల."

"వాడొచ్చినంక తింట."

మల్సూర్ అన్న కొడుకు రాజేందర్ సూర్యాపేటలో సారుగా పనిచేస్తాడు. పది రోజులు దాటాక ఒక ఆదివారం ఇంటికి వచ్చి సంగతి విన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తే తెర మీద సిగ్నల్ గీతలు లేవు.

"కాకీ, దీనికి రీచార్జ్ ఎప్పుడు చేయించినవ్?"

"నేనెవలికి చేస్త బిడ్డా? వచ్చే ఫోనుకు పైసలెందుకు?"

రాజేందర్ దాన్ని ఆమె ఒళ్లో పెట్టి తన ఫోన్‌లో నుంచి ఆ నంబరు కొట్టాడు. అవతల మోగుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడింది. గౌరీబాయి ఒళ్లో ఫోన్ మాత్రం కదలలేదు. ఆమె దాన్ని తిప్పి చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. అంతలో ఎవరో ఆడపిల్ల ఎత్తింది.

"ఎవరండి?"

"ఈ నంబరు మా బాబాయిదమ్మా. మల్సూర్‌ది."

"మళ్లీ మొదలెట్టారా? మీ వాడు మా దగ్గరున్నాడు, చేతి మీద నీ నంబరుంది, రమ్మని ఒకళ్లు. ఇప్పుడు మా బాబాయని మీరు. ఫోన్ చేస్తే చాలు మోసగాళ్లున్నారు జాగ్రత్త అని గంటగంటకీ చెప్తానే ఉన్నారు. నేను పోలీసులకిస్తాను మీ నంబరు."

"పెట్టెయ్యకమ్మా, నీకు దండం వెడత!" అన్నాడు రాజేందర్. "మాటరాని మనిషి. మా అన్న. ఆళ్లు ఏ ఊరి నుంచి చేసిన్రో చెప్పు."



"మిర్యాలగూడ అన్నారండి," అంది ఆ పిల్ల. "నేను... నేను వాళ్లని బ్లాక్ చేశానండి."

ఆమె పేరు రమ్య. కోదాడలో బట్టల షాపులో పనిచేస్తుంది. కొత్త సిమ్ కొంటే ఈ నంబరు ఇచ్చారు. అంతకు ముందు అది ఎవరిదో, ఎవరి చేతి మీద ఉందో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? మిర్యాలగూడ నంబరు వెతికి వెంటనే పంపించింది.

అది సుందరమ్మ అనే ఆమెది. రైస్‌మిల్లుల దగ్గర లారీవాళ్లకు టిఫిన్లు వేస్తుంది. గౌరీబాయి, రాజేందర్ వెళ్లేసరికి పొయ్యి ఆర్పుతోంది. రాజేందర్ ఫోన్‌లో మంగ్త్యా ఫోటో చూపించగానే ఆమె చేతిలో గరిటె కింద పెట్టేసింది. గౌరీబాయి వైపు చూసిన చూపులో జాలి లేదు.

"ఇప్పుడొచ్చినవా అమ్మా? నేను చేస్తి, మా హమాలి నర్సయ్య చేసె. ఎవతో పిల్ల ఎత్తి, మాకెవ్వరు లేరు, ఇంకోసారి చేస్తే కేసు వెడత అన్నది. నీ కోడలేమో అనుకున్న. మాటలేనోడని ఇంటోళ్లే ఇడిసిపెట్టిన్రనుకున్న."

"నాకు కోడలు లేదు," అంది గౌరీబాయి. "వాడేడి?"

సుందరమ్మకు అప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

లారీలు తూచే కాటా పక్కన అరుగు మీద రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడట. తిండి పెడితే తినేవాడు. ఎవరి చేతిలో ఫోన్ చూసినా లేచి వచ్చి చెయ్యి చాపేవాడు. వాళ్లు చేసేవాళ్లు. మళ్లీ పోయి కూర్చునేవాడు. లోపల పడుకోమంటే రాలేదు. మంచులో, దుమ్ములో అక్కడే. జ్వరం వచ్చింది. నర్సయ్య ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ నర్సమ్మకు కూడా చెయ్యి చూపించాడట. ఆమె కూడా ఫోన్ చేసిందట.

పోలీస్ స్టేషన్‌లో ఫోటోలు చూపించారు. ముఖం ఉన్న ఫోటోను గౌరీబాయి చూడలేకపోయింది. చెయ్యి ఉన్నదాన్ని దగ్గరగా పెట్టుకుని అంకెల మీద వేలు పెట్టి నిమిరింది. ఎవరూ లేని శవమని మున్సిపాలిటీవాళ్లే పూడ్చారు. పెండ్లి కానివాణ్ని తండాలో కూడా కాల్చరు, మట్టిలోనే పెడతారు. ఎవరూ చెప్పకుండానే ఆ ఒక్క ఆచారం నిలబడింది. ఆ మట్టి మీద కూర్చుని గౌరీబాయి ఒక్క మాటే అంది.

"వాడు నన్ను పిలిచిండ్రా రాజేందర్. మల్ల మల్ల పిలిచిండు. రాలేదనుకోని పోయిండు."

తిరిగి వస్తూ సూర్యాపేటలో రాజేందర్ ఆమెను కంపెనీ షాపుకు తీసుకుపోయాడు. కోపం ఆపుకోలేకపోయాడు. కౌంటర్ వెనుక ఉన్న ప్రవీణ్ అనే అబ్బాయి అంతా విన్నాడు. మంచివాడే, కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు.

"రూల్ ప్రకారమే కట్ అయింది సార్. మెసేజ్‌లు వోయినయ్. ఫిర్యాదు ఇస్తే తీసుకుంట, కానీ నంబరైతే రాదు."

"ఆమెకు చదువు రాదు. ఆ నంబరు మా బాబాయిది. మనిషి చేతి మీద పొడిపించుకున్న నంబరు."

"నంబరు ఎవ్వలిది కాదు సార్. కంపెనీది. మనకు వాడుకోనిస్తరు, గంతే. నా చేతుల ఏముంది?"

గౌరీబాయి నీళ్ల గ్లాసు తాగకుండానే కౌంటర్ మీద పెట్టి లేచింది.

దినాల నాడు రమ్య కోదాడ నుంచి బస్సులు మారి తండాకు వచ్చింది. ఎవరూ పిలవలేదు. గుమ్మంలో నిలబడి ఫోన్ చేతిలో పట్టుకుని ఏడ్చింది.

"ఈ నంబరు మీకు ఇచ్చేస్తానమ్మా. మీ పేరు మీదికి మార్పిస్తాను. నేను ఇంకోటి తీసుకుంటాను."

ఆమెను తిట్టాలని కాచుకున్న మోతీబాయే పీట తెచ్చి వేసింది. గౌరీబాయి ఆ పిల్లను లోపలికి పిలిచి అన్నం పెట్టింది.

"ఇగ నాకెందుకు బిడ్డా? చేసేటోడు లేడు. నీ తప్పు లేదు, తిను."

మాఘంలో గట్టు జాతర వచ్చింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చిదానివైపోతావని మోతీబాయి ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. జనంలో నడుస్తుంటే పచ్చబొట్ల వాళ్ల దగ్గర గౌరీబాయి ఆగిపోయింది. ఇప్పుడు చేతి సూదులు లేవు, గుర్రుమనే మిషన్లు వచ్చాయి. ఒక జంట చిన్న ఆడపిల్లను ముందు కూర్చోబెట్టుకున్నారు. పిల్ల ఎటో చూస్తూ నవ్వుకుంటోంది, ఎవరు పిలిచినా పలకడం లేదు. తండ్రి ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతున్నాడు.

గౌరీబాయి వాళ్ల మధ్యకు పోయింది.

"నంబరొద్దు కొడుకా. ఊరు పేరెయ్యి."

అతను తల ఎత్తి చూశాడు. "మాది చిన్న ఊరమ్మా. ఎవలికెరుక?"

"మండలం పేరు గూడ ఎయ్యి. నీ పేరెయ్యి. నంబరు కంపెనోనిది, వాడు ఎప్పుడైన గుంజుకుంటడు. ఊరు ఎవ్వడు గుంజుకోడు."

"గన్ని అచ్చరాలంటే పిల్ల ఓర్సుకోదమ్మా," అంది తల్లి భయంగా.

మిషన్ పట్టుకున్నతను ఇద్దరి ముఖాలూ చూసి ఆగాడు. తండ్రి గౌరీబాయి వైపు చాలాసేపు చూశాడు.  కాసేపటికి అతను ఫోన్ జేబులో పెట్టుకుని ఊరి పేరు చెప్పాడు.

మిషన్ గుర్రుమనగానే పిల్ల కెవ్వుమంది. గౌరీబాయి ఆ దుమ్ములో కూలబడి, పిల్ల తలను తన కడుపుకు అదుముకుంది.

"నేను వట్టుకున్న," అంది. "నువ్వు పెద్దగ, మంచిగ కనవడేటట్టు రాయి."