ముప్పై నిమిషాలు వెనక్కి

సరిహద్దులో మా ఆర్మీ పోస్టుకు నేను చేరింది జనవరిలో ఒక మంగళవారం, పగలు పదకొండున్నరకు. ఎత్తు పదిహేను వేల అడుగులు. వీపున ఇరవై రెండు కిలోలు. పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనబడదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సికింద్రాబాద్‌లో మా మెట్టుగూడ చలి తప్ప వేరే చలి ఎరగను.

పోస్టులో నడిచే గడియారం ఒక్కటే. మిగతావి చలికి ఆగిపోయాయి. సెంట్రీ కాపలాకు వెళ్లేవాడు దాన్ని జేబులో పెట్టుకోవాలి, గంట కాగానే తర్వాతివాడి చేతిలో పెట్టాలి. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నలుగురం, తలా ఒక గంట. మొదట నేను, తర్వాత ఇద్దరు జవాన్లు, చివర మా హవల్దార్. ఆయనదీ మా వైపే, అల్వాల్. వయసు నలభై నాలుగు. సరిగ్గా నాలుగింటికి కింది క్యాంపు రేడియోలో టైము చెప్పేది. అప్పుడే ఆయన డ్యూటీ దిగాలి.

మూడోరోజు నాకు గంట తెగలేదు. ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పాను. వారంలో మిగతా ఇద్దరూ అదే పని. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. గడియారంలో మూడయ్యేసరికి అసలు టైము రెండున్నర. మేం ముగ్గురం ఎగ్గొట్టిన అరగంట హవల్దార్ మీద పడేది. నాలుగింటికి ఆయన లోపలికొచ్చి, గ్లవ్ తీసి, ముల్లు ముప్పై నిమిషాలు వెనక్కి తిప్పేవాడు. మళ్లీ గ్లవ్ తొడుక్కునేవాడు.

మా పోస్టు రేడియో ఆపరేటరే ఉండబట్టలేక అడిగాడు.

"ఏందిరా, మీ ముగ్గురి గంటకు యాభై నిమిషాలేనా? హవల్దార్ సాబ్ రోజూ గంటన్నర నిలవడ్తున్నడు, సిగ్గులేదా?"

హవల్దార్ నవ్వాడు. "పోనియ్ రా. పోరగాండ్ల గంట పొడుగుంటది. నా ఏజ్‌కు గిట్ల కండ్లు మూసి తెరిస్తే అయిపోతది."

నమ్మాం. నమ్మితే మాకు సుఖం, అందుకే నమ్మాం. ముల్లు తిప్పడం మానలేదు. నలభయ్యో రోజు ఆయన కుడిచేతి వేళ్లు రెండు చలికి చచ్చిపోయాయి. ఆయన్ని హెలికాప్టర్‌లో కిందికి దించారు.

ఏప్రిల్‌లో నేను సెలవు మీద సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాను. ఏళ్ల తర్వాత, రిటైరయ్యాక, వయసును బట్టి టైము ఎలా నడుస్తుందో లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. వయసు పెరిగేకొద్దీ కొత్త అనుభవాలు తగ్గుతాయట, అందుకే ఏళ్లు పరుగెత్తుతాయట. హవల్దార్ చెప్పింది పుస్తకాల్లోనూ ఉందని గర్వంగా నలుగురికీ చెప్పాను.

ఇప్పుడు నాకు యాభై ఏడు. సీతాఫల్‌మండిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ. కుర్చీ ఇవ్వరు. మొన్న నా తర్వాత రావాల్సిన రిలీవర్ రాలేదు. ముప్పై కూడా దాటని సూపర్‌వైజర్ ఫోన్లో అన్నాడు:

"జెర ఇంకో రెండు గంటలు చూస్కో అంకుల్. మీ ఏజ్‌కు టైం జల్ది పోతది కదా!"

"నువ్వొచ్చి నిలవడు, ఎంత జల్ది పోతదో చూస్త," అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

ఏళ్లు పరుగెత్తుతాయి, నిజమే. కాళ్ల మీద నిలబడ్డ గంట ఏ వయసులోనూ పరుగెత్తదు. పుస్తకాలు ఏళ్ల లెక్క రాశాయి, మోకాళ్ల లెక్క రాయలేదు. పెద్దవాళ్ల గంట చిన్నదని చెప్పుకుని దాన్ని వాళ్ల మీదకు తోసేయడం దొంగతనం. ఆ కుర్రాడి మీద కోపంతో ఒళ్లు మండింది. కానీ ఆ పని వాడికంటే ముందు చేసినవాణ్ణి నేను.

ఆ నలభయ్యో రోజు నాలుగింటికి హవల్దార్ లోపలికొచ్చాడు. గ్లవ్ తీశాడు. నల్లబడ్డ వేళ్ల మధ్య కీ నిలవలేదు. రెండుసార్లు జారింది. అప్పుడు గడియారం నా ముందుకు చాపాడు.

"నాతోని అయితలేదు బేటా. ముప్పై నిమిషాలు. నువ్వే తిప్పు."