డాక్టరు అడిగి రమ్మన్న మాట

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించే చోటు దొరకలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను కర్నూలులో మిషన్ బడి టీచరును. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది తమ్ముడు ప్రకాశం. బేతంచెర్ల నాపరాళ్ల గనిలో పని. తుంటి ఎముకలో రాచపుండు అని తేలితే మద్రాసు తీసుకెళ్లాను. ఎముక కొంత తొలిచి తీశారు. మూడు నెలలు బేసినులో గుడ్డలు తడిపి వాడి పుండు కడిగాను, మలమూత్రాలు ఎత్తాను. ఒక్కసారీ పైకి విసుక్కోలేదు. విసుగంతా లోపల పేరుకుంటోందని నాకే తెలియలేదు.

ఏడాది తిరక్కుండా మళ్లీ వాచింది. మళ్లీ మద్రాసు. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి ఇంగ్లీషులో చెప్పాడు. ఈసారి తొలిస్తే చాలదు, తుంటితో సహా కాలు తీసేయాలి. తీసినా బతుకుతాడని మాట ఇవ్వలేను, తీయకపోతే మాత్రం బతకడు. తమ్ముణ్ణి అడిగి రమ్మన్నాడు.

వాడు వరండాలో బల్ల మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు.

"ఏమంటాండాడక్కా?"

"మళ్లీ కోసేది వద్దంట నాయనా. ఇంటికి పొమ్మన్నాడు."

"అయితే కాలు ఉంటాది గదా?"

"ఉంటాది."

"శానా భయపడితినక్కా," అని నవ్వాడు.

లోపలికి వెళ్లి, మా తమ్ముడు ఒప్పుకోలేదని చెప్పాను.

ఎందుకు? ఒంటికాలితో వాడి బతుకు ఏమవుతుందోనని జాలిపడ్డానా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను, కానీ ఎన్నిసార్లు చెప్పుకున్నా నిలవలేదు, ఎందుకంటే ఆ వరండాలో నా కళ్ల ముందు ఆడింది ఆ బేసిను, ఆ గుడ్డలు, ఈసారి మూడు నెలలు కాదు, వాడు బతికినన్నాళ్లూ. అలసిపోయాను. అంతే. ఇంత చిన్న కారణమా? ఇంతకన్నా పెద్దది వెతికి వెతికి నా మీద నాకే కోపం వస్తుంది.

తప్పించుకున్నానా? అదీ లేదు. తర్వాత ఐదు నెలలూ అదే బేసిను, అవే గుడ్డలు. చివర్లో నొప్పి ఓర్వలేక, "కోసెయ్యమని చెప్పక్కా, కాలు పోతే పోనీ," అని నా చేయి పట్టుకున్నాడు. అప్పటికి వేళ మించిపోయింది. అప్పుడూ నిజం చెప్పలేదు.

వాణ్ణి పూడ్చిన రోజు, ఇలాంటి అక్క ఎవరికీ ఉండదని చర్చిలో అందరూ అన్నారు. తల వంచుకుని విన్నాను.

కోసినా బతికేవాడు కాదేమో. ఆ 'ఏమో' వెనక దాక్కోవాలని ఎంత చూశానో! కానీ డాక్టరు అడగమన్నది వాణ్ణి. బదులు చెప్పింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ మాట నా నోటితో ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను.