వస అరగదీసిన తేనె

నా మనుమరాలికి మూడు నెలలు నిండాయి. పిల్లలకు మాటలు తేటగా రావాలని వసకొమ్మును తేనెలో అరగదీసి నాలుకకు రాయడం మా ఇంట్లో మా అత్త నాటి నుంచీ ఉన్నదే. ఆ మాట ఎత్తగానే కోడలు నవ్వింది.

"మీ కొడుక్కు గూడ వస రాసిండ్రు గదా అత్తమ్మా, ఏడ మాట్లాడతాండు? ఏమడిగినా ఊ అంటడు. పాలు తప్ప ఏం పెట్టొద్దని నర్సమ్మ చెప్పింది."

సరేనన్నాను. కానీ ఆమె స్నానానికి పోయినప్పుడల్లా, నాలుగు రోజులు వరుసగా, పాలంపేట దిక్కు నుంచి తెప్పించిన తేనెతో వస రాశాను. పాప చప్పరిస్తుంటే నా కడుపు నిండింది.

పది రోజులకు పాపకు విరేచనం ఆగింది. మూడు రోజులు చూశాం. తర్వాత పాలు పట్టి తాగడం తగ్గింది, ఏడుపు సన్నబడింది, కనురెప్పలు వాలిపోయాయి. జ్వరం లేదు. అప్పుడప్పుడే నిలుస్తున్న మెడ, ఎత్తుకుంటే వెనక్కి పడిపోయింది. ఆటోలో హనుమకొండకు, పిల్లల దవాఖానకు ఉరికాం.

"నోట్ల పాలు గాకుండ ఏమన్న పెట్టిండ్రా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేదు మేడం, నా పాలే," అంది కోడలు. అంత ధీమాగా అంది.

తేనె సంగతి చెబితే పాపను ఇక నా చేతికి ఇవ్వదని భయం.

"రక్తంల ఇన్ఫెక్షన్ గావచ్చు. సూది మందు మొదలువెడదాం."

నర్సు మందు సూదిలోకి ఎక్కించింది. పాప రొమ్ము పైకి లేవడానికి తంటాలు పడుతోంది. సూది దగ్గరికొచ్చింది.

"నేను తేనె పెట్టినమ్మా," అన్నాను.

డాక్టరమ్మ నర్సు చేయి పట్టుకుంది. "ఆగు. ఎప్పుడు? ఎన్నిసార్లు?"

వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పాను. కోడలు నా పక్క నుంచి అవతలికి జరిగి నిలబడింది.

"నా అనుమానం నిజమైతే ఈ మందు శ్వాసను ఇంకా పడగొడతది. కొన్ని తేనెలల్ల క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి విత్తనాలుంటయి, కంటికి కనవడవు. మన పెద్దోళ్ల కడుపుల మంచి సూక్ష్మజీవులు నిండి ఉండి వాటిని మొలవనియ్యవు. ఏడాది లోపు పిల్లలకు అవింకా కుదురుకోవు. గందుకే ఈడ మొలిచి విషం చేస్తయి. నరాలు పట్టు తప్పుతయి."

మలం పరీక్షకు పంపారు. జవాబు రాకముందే పాపకు ఊపిరి మిషన్ పెట్టారు. జవాబులో ఆ పేరే వచ్చింది.

మూడు వారాలు వరండాలోనే ఉన్నాం. కోడలు నాతో మాట్లాడలేదు. నేను తెచ్చిన అన్నం మాత్రం తినేది. మిషన్ తీసిన నాలుగో రోజు పాప రొమ్ము పట్టి తాగింది. తాగాక కోడలు లేచి నా ముందుకొచ్చి నిలబడింది.

"చేతులు కడుక్కున్నరా అత్తమ్మా?"

"కడుక్కున్న."

"మల్లొకపారి కడుక్కొని రాండ్రి. ఎత్తుకుందురు."