పాస్టరుగారి ఫ్యాను

అరవైల చివర్లో, ఒక మే నెలలో, కావలిలో మా సంఘ పెద్దలు ఆరాధనలో గిటారు వాయించడానికి నాకు ఒక్క ఆదివారం అనుమతిచ్చారు. వాళ్లకు నచ్చితేనే ఆ తర్వాత కూడా. నేను రికార్డులో విన్న గిటారు స్వరం నీటి అలలా ఊగేది. అందుకు స్పీకరునే గిరగిరా తిప్పుతారట. అది నా వల్ల కాక, వేదిక పక్కనున్న టేబుల్ ఫ్యాను తెచ్చి స్పీకరు ముందు పెట్టాను. రెక్కల మధ్య నుంచి స్వరం అచ్చం అలాగే వణికింది. పరవశంతో కళ్లు మూసుకుని కీర్తన ముగించాను.

కళ్లు తెరిచేసరికి పాస్టరుగారి తెల్ల అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. మందిరంలో ఉన్నది ఆ ఒక్క ఫ్యానే. నా పని అయిపోయిందనుకున్నాను.

"పాట బాగుండాది అబ్బాయా," అన్నారాయన ముఖం తుడుచుకుంటూ. "వచ్చే వారం కూడా వాయించు. ఫ్యాను మాత్రం మీ ఇంట్లోది తెచ్చుకో."

ఆ రోజు స్తుతియాగం అర్పించింది నేననుకున్నాను. నిజానికి అర్పించింది ఆయన.