మెడ వెనక లేబుల్

సారం అనే ఊరికి వెళ్లే బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, పక్కసీటులో ఆవిడ నా టాప్ చెయ్యి పట్టుకుని చూసింది.

"చానా బాగుంది పాపా, యాడ కొన్నావు?"

అది సాగే బనియన్ గుడ్డ. మెడ వంకర్లు పోకుండా ఎన్నిసార్లు విప్పి కుట్టానో! ఆ గర్వంతోనే చెప్పాను.

"కొనలేదక్కా, ఇంట్లో నేనే కుట్టుకున్నా."

చటుక్కున చెయ్యి వదిలేసింది.

"అయ్యో, కొనేదానికి కూడా లేదా పాపా? మీ ఆయన ఏం చేస్తాడు?"

ముందుసీటు వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. దిగేటప్పుడు ఆవిడ జాలిగా నా భుజం తట్టింది.

ఇప్పటికీ నా బట్టలు నేనే కుట్టుకుంటాను. పాత చొక్కాల నుంచి కత్తిరించిన కంపెనీ లేబుల్ మెడ వెనక పెట్టి కుడతాను. ఎక్కడ కొన్నావని ఎవరైనా అడిగితే అదే తిప్పి చూపిస్తాను.